క్రాఫ్ట్ గదిలో కుట్టిన పుస్తకాలు

1960, 70లలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చదువుకున్నవాళ్లకు టైంటేబుల్లో ‘క్రాఫ్ట్’ అని రాసి ఉన్న గడి గుర్తుండే ఉంటుంది. వారానికి ఒకటో రెండో పిరియడ్లు. బడిని బట్టి ఆ గడిలోకి వచ్చే పని మారేది. ఒక ఊళ్లో నేత, ఇంకో ఊళ్లో వడ్రంగం, ఆడపిల్లలకు చాలాచోట్ల కుట్టుపని. మగ్గాలు, బాడిసెలు, రంపాలు కొనే స్తోమత లేని బళ్లకు పుస్తకాల బైండింగు, అట్టపని దిక్కయ్యేవి. దానికి కావలసిన సరంజామా తక్కువ. దబ్బనం, దారం, పదునైన కత్తి, ఇనుప స్కేలు, నాలుగు చెక్కలు, బరువుకు ఇటుకలు, ఒక మూల కిరసనాయిలు స్టవ్వు, దాని మీద ఉడికే మైదా జిగురు. అంతే.

ఆ గదిలోకి వెళ్తే ముందు వాసనే పలకరించేది. ఉడికిన మైదా, కొత్త క్యాలికో గుడ్డకు పట్టిన గంజి, ఎప్పుడైనా సరేసు జిగురు కరిగిస్తే దాని ఘాటు. గోడవారన కట్టలు కట్టిన పాత పరీక్ష పేపర్లు, వెన్ను ఊడిన లైబ్రరీ పుస్తకాలు, గత ఏడాది హాజరుపట్టీలు. క్రాఫ్ట్ మాస్టారికి హెడ్మాస్టరు గదిలో కుర్చీ ఉండేది కాదు గానీ బడి ఆస్తిలో సగం ఆయన చేతిలో ఉండేది. తెలంగాణ బళ్లలో ఆయన్ను క్రాఫ్ట్ సారు అనేవారు. ఏ పేరుతో పిలిచినా, లెక్కల్లో సున్నా వచ్చిన పిల్లవాడిని కూడా భుజం తట్టి కూర్చోబెట్టుకునే ఉపాధ్యాయుడు చాలా బళ్లలో ఆయనే.

ఆ గడి టైంటేబుల్లోకి ఊరికే రాలేదు. దాని వెనక పెద్ద ఆలోచనే ఉంది. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా మహాసభ జరిగింది. పిల్లవాడి చదువు ఒక చేతిపని చుట్టూ అల్లుకోవాలని అక్కడ తీర్మానించారు. ఆ తీర్మానానికి పాఠ్యప్రణాళిక రూపం ఇచ్చే బాధ్యత జాకిర్ హుస్సేన్ కమిటీకి అప్పగించారు. తర్వాత రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేనే ఆయన. నూలు వడకడం, నేత, వడ్రంగం, వ్యవసాయం, తోళ్లపని ముందు వరసలో నిలిచాయి. కాగితం, అట్టపని వాటి వెంట నడిచాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఈ పద్ధతిలో నడిచే బేసిక్ బడులు, బేసిక్ ట్రైనింగ్ స్కూళ్లు ఊళ్లలోకి వచ్చాయి. వాటిలో శిక్షణ పొందిన టీచర్లు తకిలీతో పాటు దబ్బనం పట్టడం కూడా నేర్చుకుని వచ్చారు.

తెలుగువాళ్లకు ఈ మాట అంతకుముందే తెలుసు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు చదువునూ చేతిపనినీ ఒకే చూరు కింద ఉంచారు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం తిరిగే యువకుడు కాకుండా, పని తెలిసిన యువకుడు అక్కణ్నుంచి బయటికి రావాలన్నది వాళ్ల పట్టుదల.

మళ్లీ క్రాఫ్ట్ గదికి వద్దాం. మొదటి రోజున ఎవరికీ దారం ఇచ్చేవారు కాదు. మొదటి పాఠం కాగితం వాటం. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జు కదిలే జాలీ మీద పారుతుంది. అందులోని నార పోగులు ఎక్కువగా ఆ పారే దిక్కుకే పడుకుంటాయి. కాబట్టి ప్రతి ఠావుకూ ఒక వాటం ఉంటుంది. ఆ వాటం వెంట చింపితే చిరుగు తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే పళ్లుపళ్లుగా వస్తుంది. తడి తగిలితే కాగితం అడ్డంగా సాగుతుంది గానీ వాటం వెంట అంతగా సాగదు. అందుకే పుస్తకం వెన్నుకు సమాంతరంగా కాగితం వాటం, అట్ట వాటం రెండూ ఉండాలి. లేకపోతే జిగురు ఆరేసరికి అట్ట మెలి తిరుగుతుంది, పేజీలు తెరిస్తే మొరాయిస్తాయి. “వాటం చూసి మడవండర్రా” అన్న కేక ఆ గదిలో ఏడాది పొడుగునా వినిపించేది.

చేతికాగితానికి ఈ బాధ లేదు. తొట్టిలో ముంచిన జల్లెడ మీద గుజ్జు అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది కాబట్టి దానికి వాటం అంటూ పెద్దగా ఉండదు. కరీంనగర్ ప్రాంతంలో కోరుట్ల ఒకప్పుడు అలాంటి చేతికాగితానికి పేరుపడ్డ ఊరు. అయితే 1960ల నాటి బడిపిల్లల చేతికి వచ్చింది మిల్లు కాగితమే. రాజమండ్రిలో 1920ల నుంచే కాగితం మిల్లు ఉంది. ఆదిలాబాదు అడవుల వెదురును నమ్ముకుని నిజాం కాలంలో, 1938లో, సిర్పూరు పేపరు మిల్లు వెలిసింది. ఆ మిల్లు చుట్టూ పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు వచ్చింది. ఈ రెండు మిల్లుల కాగితం మీద తెలుగు పిల్లలు తరాల తరబడి అక్షరాలు దిద్దారు.

రెండో పాఠం లెక్క. 24 ఠావులు ఒక దస్తా, 20 దస్తాలు ఒక రీము. అంటే 480 ఠావులు. తర్వాతి కాలంలో రీము 500 అయింది. ఠావును ఒకసారి మడిస్తే రెండు ఆకులు, నాలుగు పేజీలు. రెండుసార్లు మడిస్తే ఎనిమిది పేజీలు. మూడుసార్లు మడిస్తే పదహారు. ఇరవై అంగుళాలకు పదిహేను అంగుళాలుండే క్రౌన్ ఠావును మూడుసార్లు మడిస్తే ఏడున్నరకు అయిదు అంగుళాల పుస్తకం వస్తుంది. తెలుగు నవలలు ఎన్నో అచ్చయిన క్రౌన్ 1/8 సైజు అదే. నల్లబల్ల మీద పిల్లలకు ఎక్కని భిన్నాలు ఇక్కడ మడతల్లో ఎక్కేవి. సగం, పావు, అరపావు కళ్లముందే తయారవుతుంటే ఎందుకు ఎక్కవు?

ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. ఠావును పదహారు పేజీల ఫారంగా మడిచి, పేజీలకు వరసగా ఒకటి నుంచి పదహారు దాకా అంకెలు వేయించేవారు. ఆ తర్వాత ఠావును పూర్తిగా విప్పమనేవారు. అంకెలు చెల్లాచెదురుగా కనిపించేవి. సగం తలకిందులుగా కూడా ఉండేవి. ఒకటి పక్కన పదహారు, ఎనిమిది పక్కన తొమ్మిది, నాలుగు పక్కన పదమూడు, అయిదు పక్కన పన్నెండు. “కలిపి చూడండి” అనేవారు మాస్టారు. ఏ జంటను కలిపినా పదిహేడే. ఠావును తిప్పి రెండో వైపు చూసినా పదిహేడే. ప్రెస్సులో పేజీలు ఎందుకలా పేర్చుతారో, అచ్చయిన ఫారం మడిచాక వరస ఎలా కుదురుతుందో పిల్లవాడికి ఆ ఒక్క గంటలో తెలిసిపోయేది. ఎనిమిది పేజీల ఫారానికైతే మొత్తం ఎంత వస్తుందో చెప్పమని వెంటనే అడిగేవారు. తొమ్మిది అని అరిచినవాడి సంబరం చూసి తీరాలి. లెక్క, బొమ్మ, చేతిపని ఒకచోట కలిసే పాఠం ఇది.

జిగురు కాయడం పెద్ద తరగతి పిల్లల పని. ఒక వంతు మైదాకు అయిదారు వంతుల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపాలి. తర్వాత సన్నసెగ మీద, గరిటె ఆపకుండా తిప్పుతూ, తెలుపు పోయి నిగనిగలాడే దాకా ఉడికించాలి. దించేముందు చిటికెడు మైలుతుత్తం. దాంతో జిగురుకు లేతనీలి ఛాయ వచ్చేది, పురుగు దాని జోలికి రాదు. విషం కాబట్టి చేతులు కడుక్కోకుండా ఎవరూ గుమ్మం దాటకూడదు. బరువైన పుస్తకాల వెన్నుకు సరేసు వాడేవారు. ముందురోజు రాత్రి నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే మాడి పట్టు పోతుంది.

కుట్టు మాత్రం నిదానంగా నేర్పేవారు. ముందు ఒకే ఫారం ఉన్న చిన్న నోటుపుస్తకం. మడత మీద మూడు కన్నాలు. సూది లోపలి నుంచి నడిమి కన్నంలోంచి బయటికి, పైకన్నంలోంచి లోపలికి, కింది కన్నంలోంచి బయటికి, మళ్లీ నడిమి కన్నంలోంచి లోపలికి. రెండు కొసలూ పొడుగు కుట్టుకు చెరోవైపున ఉంచి ముడి వేయాలి. పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాల పని చేతికి కుదరడానికి కొందరికి నెల పట్టేది. దారానికి మైనం రాయడం మరిచిపోతే అది పీచులు లేచి చిక్కుపడేది. బిగించేటప్పుడు దారాన్ని తనవైపు లాగితే కాగితం చీలిపోయేది. మడత వెంట, పక్కకు లాగాలి. ఈ ఒక్క సంగతి చెప్పడానికే మాస్టారు ప్రతి బెంచీ దగ్గరా వంగి, పిల్లవాడి చేతి మీద చెయ్యి వేసి లాగించేవారు.

ఆ తర్వాత అనేక ఫారాల పుస్తకం. వెన్ను మీద రంపంతో సన్నగా గాట్లు పెట్టి, నాడా పట్టీల మీదుగా ఫారం తర్వాత ఫారం కుట్టుకుంటూ పోవడం, ప్రతి వరస చివరా కింది ఫారంతో ముడి వేసి కలపడం. ఉర్దూ మాట్లాడే బైండర్లు దీన్ని జుజ్‌బందీ అంటారు. ఇలా కుట్టిన పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెడితే పూర్తిగా తెరుచుకుంటుంది. వెన్ను విరగదు, ఆకు ఊడదు. పైన ఎండ్ పేపర్లు అతికించి, వెన్నుకు గుడ్డ వేసి, అట్టలు పేజీకన్నా కొంచెం పెద్దవిగా కోసి, వెన్నుకూ అట్టకూ నడుమ కీలు ఆడేంత సందు వదిలి, క్యాలికో పరిచి, మూలలు ముడతపడకుండా మడిచి, చెక్కల నడుమ ఉంచి బరువు పెడితే రాత్రంతా అలా ఆరాలి. తెల్లవారి ఇటుకలు తీసేదాకా ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ ఎదురుచూపు పిల్లలకు బాగా అలవాటయ్యేది.

క్రాఫ్ట్ గదిలో తయారైనవి ప్రదర్శన కోసం అల్మారాలో కూర్చునేవి కావు. ఒకవైపు రాసిన పరీక్ష పేపర్లు కవర్లయ్యేవి. రైటింగ్ ప్యాడ్లు, ఫైళ్లు, హాజరుపట్టీలు, మార్కుల రిజిస్టర్లు బడి వాడకానికే వెళ్లేవి. లైబ్రరీ పుస్తకాలు మరమ్మతై మళ్లీ అల్మారా ఎక్కేవి. తను కుట్టిన రిజిస్టరులోనే తన హాజరు పడుతుంటే ఏడో తరగతి పిల్లవాడి గర్వం ఇంతా అంతా కాదు. పిల్లల పనితో బడి ఖర్చు కొంత వెళ్లాలన్న గాంధీజీ మాట మీద విద్యావేత్తలు అప్పట్లో చాలా వాదించుకున్నారు. అది బాలకార్మిక వ్యవస్థ అవుతుందన్న భయం కొందరిది. ఆ భయం అర్థం చేసుకోదగిందే. కానీ తన చేతిపని నలుగురికీ అవసరమైందని తెలియడం పిల్లవాడికి ఏం చేస్తుందో చూసినవాళ్లు క్రాఫ్ట్ పిరియడ్‌ను తేలిగ్గా తీసిపారేయలేరు.

బడిలో నేర్చిన పని ఇంట్లో అక్కరకు వచ్చేది. వేసవి సెలవుల చివర, బళ్లు తెరిచే ముందు, ప్రతి ఇంటి వసారాలోనూ ఒక చిన్న బైండింగ్ దుకాణం నడిచేది. పోయిన ఏడాది నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు ఒక్కొక్కటే విడదీసి, వరసగా పేర్చి, నాన్నో మేనమామో దబ్బనంతో కన్నాలు పొడుస్తుంటే పిల్లలు పురికొస లాగేవారు. దానికి పాత క్యాలెండర్ అట్ట. ఆ పుస్తకం రఫ్ నోట్సుకు. 1970ల నడుమ దేశంలో కాగితానికి కటకట వచ్చినప్పుడు, విద్యార్థుల నోటుపుస్తకాల కోసం కేంద్ర ప్రభుత్వం రాయితీ ధరకు తెల్లకాగితం కేటాయించవలసి వచ్చింది. అలాంటి రోజుల్లో ఒక తెల్లకాగితం పారేయడమంటే అన్నం పారేసినంత తప్పు.

పాఠ్యపుస్తకాలు కూడా సగం ధరకు పై తరగతివాళ్ల దగ్గర కొనుక్కునేవే. అవి చేతికొచ్చేసరికి మొదటి ఆకులు పోయి, మూలలు కుక్కచెవులై ఉండేవి. “అన్నయ్యా, సోషల్ పుస్తకం వెన్ను ఊడిందిరా, కొంచెం కుట్టి పెట్టవూ?” అని చెల్లెలు అడిగితే, క్రాఫ్ట్ పిరియడ్ ఉన్న బడిలో చదివే అన్నయ్య గొప్పగా జిగురు కాయడానికి కూర్చునేవాడు. ఒక పుస్తకం అలా ముగ్గురు నలుగురు పిల్లల చదువు దాటి, పాత పుస్తకాలు అమ్మే విజయవాడ లెనిన్ సెంటర్‌కో హైదరాబాద్ కోఠీకో చేరి, అక్కణ్నుంచి ఇంకో ఊరి పిల్లవాడి సంచిలోకి వెళ్లేది.

చదువుకున్న ఇళ్లలో ఇంకో అలవాటు ఉండేది. వారపత్రికల్లో సీరియల్ వస్తుంటే ప్రతి వారం ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి దాచేవారు. సీరియల్ అయిపోయాక కుట్టించి బైండు చేయించేవారు. యద్దనపూడి, యండమూరి నవలలు పుస్తకంగా రాకముందే ఎన్నో ఇళ్లలో ఇలా పుస్తకాలయ్యాయి. వాటి మధ్య సబ్బుల ప్రకటనలు, సగంలో తెగిన కార్టూన్లు కూడా కుట్టులో వచ్చేసేవి. 1947 జూలైలో మొదలైన చందమామను ఏడాదికి పన్నెండు చొప్పున బైండు చేయించుకున్న కుటుంబాలు ఊరూరా ఉండేవి. పత్రిక ఆగిపోయాక పాత చందమామలు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఆ ఇంటి బైండ్లే ఎన్నోసార్లు దొరికాయి.

ఈ పనికి బజారులో ఒక వీధి దుకాణం ఉండేది. నలుగురు పట్టే గది, నేల మీద పీట, గోడకు ఆనించిన ఇనుప ప్రెస్సు. స్కూళ్లు తెరిచే జూన్‌లో అక్కడ ఊపిరి ఆడేది కాదు. ఉగాదికీ దీపావళికీ కిరాణా వర్తకుల చిట్టా, ఆవర్జాలు తయారు కావాలి. ఎర్రగుడ్డ అట్ట, నిలువుగా పొడుగ్గా ఉండే ఆ పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టాకే మొదటి పద్దు రాసేవారు. హైదరాబాదు పాతబస్తీలో జిల్ద్ (బైండు) కట్టే ఉస్తాదుల దగ్గర పిల్లలు ఏళ్ల తరబడి కూర్చుని పని నేర్చుకునేవారు. అక్కడ పాఠం, సిలబస్ ఏమీ లేవు. మొదట గది ఊడ్వడం, తర్వాత ఫారాలు మడవడం, తర్వాత కుట్టు, ఎంతో నమ్మకం కుదిరాకే కత్తి.

ప్రభుత్వం కూడా ఈ పనిని చదువుగా గుర్తించింది. ఐటీఐల్లో బుక్ బైండర్ ఒక ట్రేడ్. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద గుర్తింపు పొందిన వృత్తుల్లోనూ అది ఉంది. చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం లాంటి చోట్ల బైండింగ్ సెక్షన్లో చేరినవాడికి పెన్షన్ ఉద్యోగం. అంధుల పాఠశాలల్లో కుర్చీల అల్లికతో పాటు బైండింగు నేర్పేవారు. మడత, కుట్టు వేలికొసలతో తెలిసే పనులు కాబట్టి చూపు లేకపోయినా అందులో వెనకబడే పనిలేదు. జైళ్లలో ఖైదీలు కట్టిన ఫైళ్లు, రిజిస్టర్లు కచేరీల బల్లల మీద ఉండేవి.

గ్రంథాలయాల సంగతి వేరే చెప్పుకోవాలి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన నాటి నుంచి ఊరూరా గ్రంథాలయం పెట్టాలన్న పట్టుదల తెలుగువాళ్లలో పెరిగింది. పుస్తకం కొనడం సగం పని, దాన్ని నిలబెట్టడం మిగతా సగం. ఆ రెండో సగం బైండరుది. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవన శంకుస్థాపన జరిగింది. అక్కడి పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు ఈనాటికీ వేటపాలెం రైలెక్కుతారు. రోజూ వచ్చే పేపరు సాయంత్రానికి పొట్లం కట్టే కాగితమవుతుంది. దాన్ని నెలనెలా వరసపెట్టి కుట్టి, గట్టి అట్టలు వేసినవాళ్లు ఉండబట్టే వందేళ్ల నాటి వార్త మనకు దొరుకుతోంది. అంతకు వందేళ్ల ముందు సి.పి. బ్రౌన్ తాళపత్రాల్లోని కావ్యాలను పండితుల చేత సరిచూయించి, కాగితం మీద రాయించి, బైండ్లు కట్టించకపోతే మన ప్రాచీన సాహిత్యంలో ఎంత మిగిలేదో చెప్పలేం. పండితుల పేర్లు కొన్నయినా మనకు తెలుసు. కుట్టినవాళ్ల పేరు ఒక్కటీ తెలియదు.

1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడి, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలైంది. బైండింగుకు బడ్జెట్లో ఒక పద్దు ఉండేది. పదిమంది చేతులు మారి నలిగిన నవల ఏడాదికోసారి బైండింగుకు వెళ్లి, కొత్త క్యాలికో చొక్కా తొడుక్కుని తిరిగి వచ్చేది. వెన్ను మీద పుస్తకం పేరు సిరాతో చేతిరాతలో.

ఇదంతా ఒక్క దెబ్బతో పోలేదు. 1964–66 కొఠారి కమిషన్ చేతిపనిని ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ దానికి సామాజికోపయోగకర ఉత్పాదక శ్రమ అని పేరుపెట్టింది. పేరు పొడుగైన కొద్దీ గది చిన్నదయింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మార్కులు లేని పిరియడ్‌ను లెక్కలో సైన్సో ముందు అప్పు తీసుకుని, తర్వాత సొంతం చేసుకున్నాయి. క్రాఫ్ట్ మాస్టారు రిటైరైతే ఎన్నో చోట్ల ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. గది స్టోర్ రూమ్ అయింది. 1980, 90లలో వచ్చిన ప్రైవేటు బళ్లలోనైతే అలాంటి గది కట్టనే లేదు.

బయటా కాలం మారింది. మిషన్ కుట్టు నోటుపుస్తకం చవకగా దొరికింది. ప్రభుత్వ బడుల పిల్లలకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా వచ్చాయి. పేద తల్లిదండ్రుల నెత్తిన బరువు దించిన గొప్ప మేలు అది, అందులో రెండో మాట లేదు. దాంతో సగం ధర పుస్తకం అవసరం తీరిపోయింది. వర్తకుల ఆవర్జా కంప్యూటర్లోకి వెళ్లింది. జిరాక్సు షాపు స్పైరల్ బైండింగు అయిదు నిమిషాల్లో చేతికిచ్చింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ పర్ఫెక్ట్ బైండింగుది. అందులో ఫారాలు కుట్టరు. వెన్నుమడతలు కోసేసి, విడి ఆకుల అంచుకు వేడి జిగురు పూసి అట్ట తొడుగుతారు. చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, పని వేగంగా అవుతుంది, ఖర్చు తక్కువ. కానీ ఆ జిగురు పాతబడి గట్టిపడ్డాక పుస్తకాన్ని బల్ల మీద పరిచి తెరిస్తే వెన్ను పెటీలున విరుగుతుంది, ఆకులు చేతిలోకి వస్తాయి. మడతలే కోసేశారు కాబట్టి మళ్లీ ఫారాలుగా కుట్టడానికీ వీలుండదు. కష్టపడి అంచు మీద అడ్డకుట్టు వేయాలి. వావిళ్లవారి కాలపు క్యాలికో బైండు పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని, ఈమధ్య కొన్న లావుపాటి నవలను పక్కపక్కన తెరిచి చూస్తే తేడా కళ్లకు కడుతుంది.

పాతదంతా బంగారమని చెప్పడం కాదిది. బైండింగు పనివాళ్ల కూలి ఎప్పుడూ తక్కువే. ఇళ్ల దగ్గర వెయ్యి ఫారాలకు ఇంత అని మడిచిన ఆడవాళ్ల వేళ్లు అరిగాయి. మిషన్ ఆ శ్రమను తగ్గించడం మంచిదే. పోయినదాని గురించి బాధపడవలసింది వేరే ఉంది. చినిగిన పుస్తకాన్ని బాగుచేసుకోవచ్చన్న ఎరుక ఒక తరం పిల్లలందరికీ ఉండేది, ఇప్పటి పిల్లలకు అది అందడం లేదు. ఇవాళ పేజీ చిరిగితే చెయ్యి సెల్లోటేపు మీదికి పోతుంది. నాలుగైదేళ్లకు ఆ టేపు పసుపుపచ్చగా మారి, దాని జిగురు కాగితంలోకి ఇంకి, తీద్దామంటే అక్షరాల్ని కూడా పట్టుకుని వస్తుంది. స్టేప్లర్ పిన్ను కోస్తా గాలికి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తుంది. పల్చటి కాగితం ముక్క, వేలి కొసన ఇంత మైదా జిగురు చాలునని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు.

నేర్పగలిగిన చేతులు ఇంకా ఉన్నాయి. రిటైరైన క్రాఫ్ట్ టీచర్లు, ముద్రణాలయాల్లో పనిచేసి వచ్చిన బైండర్లు, కోర్టు సెంటర్లలో లా పుస్తకాలు కుడుతున్న పెద్దవాళ్లు చాలా జిల్లా కేంద్రాల్లో ఒకరో ఇద్దరో కనిపిస్తారు. గ్రంథాలయాల్లో పిల్లలకు వేసవి శిబిరాలు పెడుతున్నారు. కథలు చదివిస్తున్నారు, బొమ్మలు వేయిస్తున్నారు. వాటిలో ఒక వారం వీళ్లను పిలిచి బైండింగు నేర్పించాలి. కిలో మైదా, ఒక దారపు ఉండ, పది అట్టలు, ఒక దస్తా కాగితం ఉంటే ఇరవై మంది పిల్లలకు సరిపోతుంది. మొదటి రోజు పదహారు పేజీల ఫారం మడిపించండి, పదిహేడు లెక్క చెప్పించండి. చివరి రోజున ఆ గ్రంథాలయంలోనే వెన్ను ఊడి పడి ఉన్న పుస్తకాల్లోంచి తలా ఒకటి చేతికిచ్చి, పిల్లల చేతనే కుట్టించి అల్మారాలో పెట్టించండి.

ఇంట్లో బైండు పుస్తకాలు ఉన్న పాఠకులకు కూడా ఒక విన్నపం. తాతగారు కుట్టించిన ఆ సీరియల్ సంపుటాలు, చందమామల కట్టలు పాతసామాన్లవాడికి వేసే ముందు దగ్గర్లోని గ్రంథాలయాన్ని అడగండి. వాటిలో కొన్ని మరెక్కడా దొరకనివి కావచ్చు.